క్షమాపణ రాయని లాయరమ్మ

లాయరమ్మ రోజూ పొద్దున్నే తన నల్లకోటు తానే ఇస్త్రీ చేసుకునేది. ఆ రోజూ చేసుకుంది. కాకపోతే ఆ రోజు ఆమె ఎవరి తరఫునా వాదించడానికి వెళ్ళడం లేదు. తన మీద వచ్చిన ఫిర్యాదుకు తానే జవాబు చెప్పుకోవాలి.

"ఒక్క క్షమాపణ రాసి పారేస్తే పోయేదానికి ఎందుకే ఇంత పంతం?" అంది వాళ్ళ అక్క, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"అది రాస్తే పోయేది పెద్దమ్మ ఇల్లక్కా."

పెద్దమ్మంటే దర్జీ పెద్దమ్మ. జాకెట్లు కుట్టి కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఆవిడది. ఆ ఇల్లు ఆవిడ వెంట నడుస్తుంది. బజారుకు వెళ్ళొస్తే కదలదు కానీ, నాలుగు రోజులు ఎక్కడైనా ఉండిపోతే మెల్లగా లేచి అక్కడికి చేరుకుంటుంది. ఆవిడ కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరినప్పుడు వెళ్ళి ప్రహరీ పక్కన నిలబడింది. పాలవాడు సణుక్కుంటూ అక్కడికే వచ్చి పాలు పోశాడు. ఇంటిపన్ను మాత్రం పాత వీధి పేరు మీదే వచ్చింది.

ఆ ఆసుపత్రిలోనే, కంటికి కట్టు ఉండగా, ఆవిడ ఆడపడుచు కొడుకు ఏవో కాగితాలు తెచ్చి, ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారని చెప్పి సంతకాలు పెట్టించుకున్నాడు. కట్టు విప్పాక తెలిసింది, ఇల్లూ స్థలమూ అతనికి అమ్మేసినట్టు దస్తావేజు పుట్టిందని. పెద్దమ్మ తరఫున లాయరమ్మ కోర్టులో దావా వేసింది. దాంతో మేనల్లుడు ఎదురు తిరిగి లాయరమ్మ మీదే ఫిర్యాదు పెట్టాడు. దస్తావేజు చివర "అమ్మకందారుకు చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాను" అని ఒక వాక్యం, దాని కింద లాయరమ్మ సంతకం, ముద్ర. అక్కడ అమ్మకానికి సంతకం పెట్టి, ఇక్కడ అమ్మకమే చెల్లదంటోంది, రెండు పడవల మీద కాళ్ళు పెట్టిందని అతని గోల.

సంతకం ఆమెది కాదు. కానీ అచ్చుగుద్దినట్టు ఉంది.

బార్ కౌన్సిల్ విచారణ కమిటీ అధ్యక్షుడు ఒకప్పుడు ఆమెకు పని నేర్పిన సీనియరే. ఆయన ఫైలు పక్కకు జరిపాడు.

"చూడమ్మాయ్. పని ఒత్తిడిలో చూసుకోకుండా పెట్టానని రాయి. మందలించి వదిలేస్తాం. మొండికేస్తే సన్నదు పోతుంది, ఇక కోర్టులో వాదించలేవు."

"చూసుకోకుండా పెట్టానంటే పెట్టాననేగా సార్ అర్థం? రేపు కోర్టులో ఆ ముక్క చూపించి ఈ పక్కన కూర్చున్న పెద్దమ్మని వీధిలో నిలబెడతారు. పెట్టని సంతకం పెట్టానని రాయను."

"ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు."

"అందుకే రాయను. పోతే పోనివ్వండి. మీరు తీసుకోగలిగింది కోటేగా, నోరు నాదే."

పెద్దమ్మ కుర్చీలోంచి లేవబోయింది. "నా కోసం నీ పొట్ట కొట్టుకోకమ్మా. ఆ ఇల్లేదో వాడికే..."

"మీరు కూర్చోండి పెద్దమ్మా. ఇప్పుడిది మీ ఒక్కరి గొడవ కాదు."

అధ్యక్షుడు కలం తీశాడు. అప్పుడే జవాను తలుపు తోసుకుని వచ్చాడు.

"సార్, గేటు ముందు ఇల్లొకటి వచ్చి ఆగింది. కార్లు బయటికి పోవు."

పెద్దమ్మ తల దించుకుంది. మోకాళ్ళ నొప్పులతో రోజూ ఊరు ఆ చివర నుంచి రాలేక, విచారణ మొదలైనప్పటి నుంచీ ఆ పక్క లాడ్జిలోనే ఉంటోంది మరి. ఇల్లు ఊరుకుంటుందా?

"ఇల్లు నడిస్తే సాక్ష్యం కాదు. నడిచినంత మాత్రాన హక్కు తేలదు," అన్నాడు అధ్యక్షుడు ముందే.

"హక్కు సంగతి కాదు," అంది కమిటీలో రెండో సభ్యురాలు, కళ్ళజోడు పైకి తోసుకుంటూ. ఎదురు కుర్చీలో ఉన్న మేనల్లుడి వైపు తిరిగింది. "దస్తావేజు చదివి వినిపించింది ఎక్కడన్నావు?"

"మా అత్తయ్య ఇంట్లోనండి. ముందు గదిలో. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను."

"మంచిది. ఇల్లే వచ్చిందిగా. ఎవరెక్కడ కూర్చున్నారో చూపిద్దువు గాని, పద."

అందరూ గేటు దగ్గరికి వెళ్ళారు. గోడలకు లేత నీలం సున్నం, కిటికీలో కుట్టు మిషను. మేనల్లుడు ఒక అడుగు వేశాడు. ఇల్లు ఒక అడుగు వెనక్కి జరిగింది. అతను ఇంకో అడుగు వేస్తే అదీ ఇంకో అడుగు. రోడ్డు దాటినా అంతే. పరిగెత్తాడు. మెట్టు అందలేదు. చొక్కా తడిసిపోయింది.

"ఎప్పటినుంచి ఇలా?" అని అడిగింది కళ్ళజోడావిడ.

పెద్దమ్మ మెల్లగా అంది. "వాడి చిన్నప్పుడు నా గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాడమ్మా. ఆనాటి నుంచీ ఈ ఇల్లు వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. ఏదన్నా పెడితే వీధిలోనే తిని పోయేవాడు. అయినవాడు కదా, ఇంటి గుట్టు బయటపెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

మేనల్లుడు ఎండలో రొప్పుతూ నిలబడ్డాడు. ముందు గదిలో కూర్చున్నానని అతను సంతకం చేసి ఇచ్చిన వాంగ్మూలం అధ్యక్షుడి చేతిలోనే ఉంది.

లోపలికొచ్చాక అధ్యక్షుడు చాలాసేపు కూర్చుని ఉత్తర్వు రాశాడు. చదివి వినిపించాడు. "ఫిర్యాదు కొట్టివేయడమైనది. సందేహం ఉన్నందున వకీలును విడిచిపెట్టడమైనది."

"సందేహం ఎవరిది సార్?" అంది లాయరమ్మ.

"గెలిచావు కదమ్మా. ఇంకా ఎందుకు?"

"ఎవరికి సందేహం ఉందో వాళ్ళ పేరు రాయండి. లేకపోతే ఆ మాట తీసేయండి. ఆ సంతకం నాది కాదని రాయండి. అప్పటిదాకా ఈ కుర్చీలోంచి లేవను. రేపు పెద్దమ్మ కేసులో నాకు కావలసింది ఆ వాక్యమే."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. కలం మూత మళ్ళీ తీసి, ఆ వాక్యం మీద గీత కొట్టాడు.

"చెప్పు," అన్నాడు. "నువ్వే చెప్పు, రాస్తాను."

ఆమె నిలబడి, ఒక్కొక్క మాటా చెప్పింది.