నాలుగో మనిషి

న్యూజిలాండ్‌లోని టకానినిలో కొత్తగా వేస్తున్న ఇళ్ల స్థలాల దగ్గర మహేంద్ర రోడ్ల ఇంజనీరు. చదువుకోడానికి వచ్చి ఆ దేశంలోనే సెటిల్ అయ్యాడు. ఒక్క ఇల్లూ లేవకముందే అక్కడ తారు పడింది, ఫుట్‌పాత్ వచ్చింది, బస్టాపు కూడా నిలబెట్టారు. ఒకరోజు వీడియో కాల్ చేసి అదంతా పద్మక్కకు చూపించాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే.

"బాగుందిరా. ఇంతకీ ఆ బస్సు ఎవరెక్కుతారు?"

"ఇంకా ఎవరూ రాలేదక్కా. జనం వస్తారని ముందే వేస్తారు."

పద్మ పకపకా నవ్వింది. "మాకేమో జనం ఉంటేనే వేస్తామంటన్నారు. జనమేమో రోడ్డు లేదని పోతన్నారు."

వాళ్ల ఊరు రాళ్లవంక, నల్లమల అంచున చిన్న పల్లె. వాగు దాటితేగాని తారురోడ్డు రాదు. ఆ రోడ్డు మీద వచ్చే ఒక్క బస్సునీ ఎక్కేవాళ్లు లేరని ఆపేశారు. ఆ తర్వాత బడి ఈడు పిల్లలున్న ఇళ్లన్నీ తాళాలేసుకుని మార్కాపురం వెళ్లిపోయాయి. పద్మ మాత్రం కూతురు సిరిని హాస్టల్లో వేసి, తను గేదెలనీ మిరప చేనునీ పట్టుకుని ఉండిపోయింది. "అందరం పోతే ఇంక ఊరెక్కడిదిరా" అనేది.

జూలైలో ఒక సాయంత్రం సైటు నుంచి బయల్దేరబోతుంటే బావ చెంచయ్య ఫోన్ చేశాడు.

"మహేంద్రా, మీ అక్క లేదురా."

పొద్దున్నే గడ్డి కోస్తుంటే పాము కరిచిందట. రాత్రి వానకు దారంతా బురదై బండి కదల్లేదు. అంబులెన్సు వచ్చి వాగు అవతలే ఆగిపోయింది. అక్కడిదాకా మంచం మీద మోసుకుపోవాలి.

"మోసేదానికి మనుషులేరీ?" అన్నాడు చెంచయ్య. "నేను, మల్లయ్య, సుబ్బరామయ్య తాత. నాలుగో కాలు పట్టుకునే మగాడు ఊళ్లో లేడు. ముసల్ది లక్ష్మీబాయి పట్టింది. తాతకు ఆయాసం, మాటిమాటికీ దించాల్సొచ్చింది. వాగు కాడ కూడా మీ అక్క మాట్లాడతానే ఉంది. 'మహేంద్ర ఉంటే ఒక్కడే భుజాన వేసుకుని పోయేవాడు' అనింది. నీళ్లు దాటేలోపు..."

"నేనొస్తా బావా."

"వాన వదల్లేదు. ఇయ్యాలే కానిచ్చేస్తాం. వచ్చి ఏం చూస్తావురా?"

మహేంద్ర కారులో కూర్చున్నాడు గానీ స్టార్ట్ చేయలేదు. అక్కడివాడే అయిన తోటి ఉద్యోగి ఒకతను అద్దం తట్టి, ఏమైందని అడిగాడు. అక్క చనిపోయిందని చెప్పాడు. ఎలాగంటే, పాము కరిచిందన్నాడు. పాములే లేని దేశంలో పుట్టిన మనిషి. మహేంద్ర భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పాము కాదు, మంచం మోసేవాళ్లు లేక పోయిందని చెబుదామనుకున్నాడు మహేంద్ర. ఇంగ్లీషులో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తోచలేదు.

కర్మ అయిపోయాక చెంచయ్య గేదెలను అమ్మేసి, సిరిని హాస్టల్ నుంచి తెచ్చుకుని మార్కాపురంలో ఒక గదిలో దిగాడు. ఆదివారం ఫోన్లో ఆ సంగతి చెప్పాడు.

"మరి తాతా, మల్లయ్యా, లక్ష్మీబాయీ?"

"రామన్నారు."

"వాళ్లకేదన్నా అయితే ఎట్లా బావా?"

చెంచయ్య ఫోన్ సిరి చేతిలో పెట్టాడు.

"మామా, రోడ్డు మీదే ఇల్లు. రాత్రంతా లారీలు పోతానే ఉంటాయి. నిద్ర పట్టట్లా."

ఆ పిల్ల గొంతు అచ్చం పద్మదే. మహేంద్ర ఫోన్ చెవి దగ్గర నుంచి దించేశాడు. పక్కనే ఉన్న భార్య నిరుపమ ఫోన్ మెల్లగా అతని చేతిలోంచి తీసుకుంది.

"నేనే సిరీ, అత్తని. అన్నం తిన్నావా తల్లీ?"