ముత్తమ్మ వక్కాకు తిత్తి

పొడుగు చీపురు గోడకానించి, ముత్తమ్మ రొండిన దోపుకున్న వక్కాకు తిత్తి తీసింది. వక్కముక్కల అడుగున దాచిన సగం మాత్రను వేలితో తడిమి నోట్లో వేసుకుంది. చూసేవాళ్లు వక్క నములుతోందనుకోవాలి. పదకొండేళ్ల షుగరు. సర్కారు ఆసుపత్రిలో మాత్రలిచ్చే చోటును కరోనా వార్డు చేశాక, ఉన్నవాటినే విరిచి నెట్టుకొస్తోంది.

తమిళనాడులోని గుడియాత్తంలో నెల్లూరుపేట వీధులు ఊడ్చే కాంట్రాక్టు మనిషి ఆమె. సన్నటి మనిషి, ఎడమ పాదానికి పాత చీరపేలిక చుట్టుకుని ఉంటుంది. కాంట్రాక్టరు ఇచ్చిన బూటు ఒరుసుకుని పుండు పడి నెలన్నర. ఇంకా మానలేదు.

షుగరున్నవాళ్లు పనికి రావద్దని కాంట్రాక్టరు ఉత్తరువు. వాళ్లనే కరోనా ముందు పట్టుకుంటుందట. నిజమే. మరి ఇంట్లో కూర్చుంటే కూలి ఎవరిస్తారో ఆ దొర చెప్పలేదు. కూతురు జ్యోతిక పనిచేసే అగ్గిపెట్టెల కంపెనీ మూసి నెల దాటింది. అందుకే మేస్త్రి మణికంఠన్ రోజూ పొద్దున షుగరుందా అని పేరుపేరునా అడిగినప్పుడు ముత్తమ్మది ఒకటే జవాబు.

"లేదప్పా. నాకేం లేదు."

ఆ రోజు వీధి పెద్దమనుషులు ఊడ్చేవాళ్ల మీద పూలు చల్లి ఫోటోలు తీసుకున్నారు. మీరే మా దేవతలన్నారు. వాళ్లు లోపలికెళ్లాక ఆ పూలన్నీ ఊడ్చింది దేవతే. నాలుక పిడచకట్టి, పూలు చల్లిన ఇంటి ముందే నిలబడి నీళ్లడిగితే గేటు తీయలేదు. వీధి మూల కొళాయి చూపించారు.

మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. సాయంత్రానికి ఊపిరి అందలేదు. మణికంఠనే ఆటో ఎక్కించి వేలూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. నర్సు తమిళంలో షుగరుందా అని అడిగింది. పక్కనే పనివాళ్ల పేర్ల కాగితం పట్టుకుని మేస్త్రి నిలబడి ఉన్నాడు. ముత్తమ్మ అతని వైపు చూసింది.

"ఇల్లమ్మా," లేదని తమిళంలోనే అంది.

లోపలికి వక్కాకు కూడదని తిత్తిని తీసి కవర్లో వేశారు.

వెనకాలే వచ్చిన జ్యోతికను గేటు దగ్గరే ఆపేశారు. అమ్మకు షుగరుందని లోపల చెప్పమని ఆ పిల్ల వాచ్‌మన్‌ను బతిమాలింది. సరే సరే అన్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆయాసం తగ్గడానికి స్టెరాయిడ్ సూదులు వేశారు. షుగరున్న ఒంట్లో ఆ మందు నిప్పుల్లో నెయ్యి, షుగరును ఎగదోస్తుంది. వేలు గుచ్చి ఒక్క బొట్టు రక్తం చూస్తే తెలిసేది. జనం ఎక్కువ, చేతులు తక్కువ అన్నారు. పూలు చల్లిన రోజు మాత్రం ఊళ్లో చేతులకు కొదవ లేదు.

మూడో రోజు పొద్దున, పాలు తెచ్చిన ఆయా రెండుసార్లు పిలిచింది. ముత్తమ్మ పలకలేదు.

షుగరు సంగతి దాచిపెట్టి ప్రాణం పోగొట్టుకుందట అని మణికంఠన్ గేటు బయట అన్నాడు. జ్యోతిక అతని ముఖంలోకి చూసింది.

"దాచిపెట్టిందా? షుగరుంటే పనికి రావద్దని నువ్వే కదన్నా అంటివి."

మేస్త్రి చేతిలో కాగితం మడవబోయాడు. అతని కాగితంలో అప్పటికే ముత్తమ్మ పేరు కొట్టేసి, పక్కన ఇంకొకామె పేరు రాసి ఉంది.

జ్యోతిక చేతికి కవరొకటి ఇచ్చారు. అందులో వక్కాకు తిత్తి ఉంది. దాని అడుగున, ఎండిన వక్కముక్కల మధ్య, సగానికి విరిచిన మాత్రలు ఐదు.