ఎర్ర చుక్క వెనక కెపాసిటర్

తను లేనప్పుడు ఎవరో బాక్సులు విప్పుతున్నారని చెవి మేస్త్రికి అనుమానం పట్టుకుని అప్పటికి పదిరోజులైంది. ఆ ఎవరో ఎవరన్నది కనిపెట్టడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు. వర్క్‌షాపులో ఉండేది ఇద్దరే. ఒకడు తను, రెండోవాడు పెళ్ళాం తమ్ముడు.

స్పీకర్ బాక్సులు కట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకో ముగ్గురున్నారు. మీటర్లు వాళ్ళ దగ్గరా ఉన్నాయి. కానీ పూర్తయిన బాక్సు ముందు స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని, సగం పాట విని ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో చెప్పేవాడు మాత్రం ఈయనొక్కడే. ముప్పై ఏళ్ళ నుంచి అందరికీ ఆయన చెవి మేస్త్రే. అసలు పేరు పెళ్ళాం కూడా మర్చిపోయి ఉంటుంది, ఆవిడకి 'ఏమండీ' సరిపోతోంది కాబట్టి.

పని చూడ్డానికి చిన్నదే. పెట్టెలో కింద పళ్ళెమంత స్పీకరు, పైన గుండీ అంత స్పీకరు. పెద్దదానికి బరువు మోతలు పంపాలి, చిన్నదానికి సన్నటివి పంపాలి. తారుమారైతే చిన్నది కాలి కూర్చుంటుంది. అందుకని వెనక చెక్క మీద ఓ జల్లెడ కూరుస్తారు. రాగితీగ చుట్టిన కాయిల్ బరువు మోతని పోనిచ్చి సన్నదాన్ని గుమ్మంలోనే ఆపుతుంది. కెపాసిటర్ దానికి ఎదురు మనిషి, సన్నదాన్ని వదిలి బరువుదాన్ని ఆపుతుంది. ఎక్కడ ఆపాలన్నది దాని మీదున్న అంకె. అంకె పెంచితే జల్లెడ కన్ను పెద్దదవుతుంది, చిన్న స్పీకర్లోకి ఇంకాస్త ధ్వని జారుతుంది, పాట పదునెక్కుతుంది.

ఈమధ్య ఏ బాక్సు విన్నా మేస్త్రికి గోనెసంచీ కప్పి పాడించినట్టుంది. దాంతో నాలుగు పాయింట్ ఏడు కెపాసిటర్ పీకేసి ఆరు పాయింట్ ఎనిమిది వేస్తున్నాడు. వేసినపూట బ్రహ్మాండంగా ఉంటుంది. మర్నాడు వింటే మళ్ళీ గోనెసంచీ. పైగా రెండుసార్లు తన కళ్ళతోనే చూశాడు. కొనుక్కెళ్ళినవాళ్ళు బాక్సు వెనక్కి తెస్తే బావమరిది వాళ్ళని వీధి గుమ్మంలోనే నిలబెట్టి గుసగుసలాడాడు. తను బయటికి రాగానే, ఎండలు ఎలా ఉన్నాయంటూ మాట మార్చాడు.

మేస్త్రి బుర్రలో లెక్క కుదిరిపోయింది. వీడు వేరే కొట్టు పెట్టే ఎత్తులో ఉన్నాడు. ముందు నా బాక్సులకి చెడ్డపేరు తెస్తాడు, ఆ తర్వాత నా దగ్గర కొనేవాళ్ళని ఒక్కొక్కర్నీ లాక్కుంటాడు.

సరిగ్గా ఆ సమయానికే సంగీతం బడి నుంచి నాలుగు బాక్సుల పని వచ్చింది. వాళ్ళ టీచరమ్మ ఒకటే షరతు పెట్టింది, "మీ చెవి మీద నమ్మకంతో వచ్చాను, మీరు విన్నవే ఇవ్వండి" అని.

నాలుగింటికీ ఆరు పాయింట్ ఎనిమిది వేసి, వెనక చెక్క బిగించి, మేస్త్రి ఇంట్లోకెళ్ళి గోళ్ళరంగు అడిగాడు.

"ఎందుకండీ, మీరు వేసుకుంటారా?" అంది భార్య.

"స్క్రూకి."

"దానికైనా అందంగా వేయండి," అంటూ ఎర్రసీసా ఇచ్చింది. ఒక్కో స్క్రూ మీద ఒక్కో చుక్క పెట్టాడు. స్క్రూ తిప్పితే చుక్క పగలాలి. అదీ ఎత్తు.

మర్నాడు మధ్యాహ్నం ప్లైవుడ్ కొట్టుకి వెళ్ళొస్తానని చెప్పి, వీధి చివరిదాకా పోయి, టీ తాగి వెనక్కొచ్చేశాడు. బావమరిది స్క్రూడ్రైవరు పట్టుకుని నాలుగో బాక్సు ముందు కూర్చుని ఉన్నాడు. మేస్త్రి నేరుగా మొదటి బాక్సు దగ్గరికెళ్ళాడు. చుక్క చెక్కు చెదరలేదు. ముట్టుకుంటే మాత్రం వేలికి రంగు అంటింది.

"ఏరా, ఇది తడిగా ఉందేం?"

"ఎండలేదేమో బావా."

"నిన్న పెట్టింది."

"చెమట పట్టిందేమో మరి."

విప్పి చూస్తే నాలుగు పాయింట్ ఏడు. మూడింటిలోనూ అంతే. నాలుగోదాని జోలికి వాడింకా పోలేదు.

"రంగు ఎక్కడిదిరా?"

"అక్క ఇచ్చింది."

అంటే ఇంట్లో మనిషి కూడానా. మేస్త్రి పిలిస్తే భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి ఈ నాటకం?"

"రెణ్ణెల్లనుంచి," అందావిడ, ఏమాత్రం తడబడకుండా.

బావమరిదే నోరు విప్పాడు. "నువ్వు వేసిందాంతో బాక్సు చెవుల్లో సూదులు గుచ్చుతోంది బావా. వెనక్కి తెచ్చినవాళ్ళందరిదీ ఒకటే గోల. పాతది వేసి పంపిస్తే మళ్ళీ రావట్లేదు."

"నాకు వినడం నేర్పుతావా నువ్వు?"

"చూశావా అక్కా? ఈ మాటంటాడనే చెప్పలేదు."

"మీ చెవిలోనే ఎవరో కాయిల్ చుట్టారండీ," అంది భార్య. "లావు మోతలు లోపలికెళ్తున్నాయి, సన్నవి బయటే ఆగిపోతున్నాయి. మొన్న గడియారం అలారం పావుగంట కీచుమంది. మీ చేతికే ఉంది."

అక్కాతమ్ముళ్ళిద్దరూ ముందే కూడబలుక్కున్న మాటలివి అనుకున్నాడు మేస్త్రి. "అబద్ధమని తేలిందో, రేపట్నించి నువ్వీ గుమ్మం ఎక్కద్దు," అన్నాడు బావమరిదితో.

స్వరాలు పుట్టించే మిషను బల్లమీద పెట్టి, స్పీకరుకి తగిలించి, నాబు తనే తిప్పసాగాడు. సెకనుకి వెయ్యి కంపనాల దగ్గర ఈల. మూడు వేల దగ్గర సన్నటి ఈల. అయిదు వేలు దాటాక ఈల ఆగిపోయింది. తీగ ఊడిందేమోనని చూశాడు. ఊడలేదు. మీటరు ముల్లు మాత్రం మోత వస్తోందనే చూపిస్తోంది. భార్య మొహం చిట్లించుకుని చెవులు మూసుకుంది.

నటిస్తున్నారేమో. ఇద్దర్నీ చెరో మూలా గోడవైపు తిప్పి నిలబెట్టాడు. "వినపడినప్పుడు చెయ్యెత్తండి, ఆగితే దించండి," అని, నాబు ఎనిమిది వేల దగ్గర పెట్టి, స్విచ్చు మీద తువ్వాలు కప్పి, దానికింద చెయ్యి దూర్చాడు. వేశాడు, రెండు చేతులు లేచాయి. తీశాడు, దిగాయి. వేసినట్టే భుజం కదిపి వేయలేదు, లేవలేదు. చాలాసేపు ఊరుకుని ఠక్కున వేశాడు. ఇద్దరూ ఒక్కసారే ఎత్తారు. తనకి మాత్రం వీధిలో బండి మోత తప్ప ఏమీ లేదు.

"చెయ్యి నొప్పెడుతోందండీ," అంది భార్య గోడతో.

మేస్త్రి స్విచ్చు ఆపి స్టూలు మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు పెద్ద పెద్ద యాంప్లిఫయర్లని ఇదే గదిలో, చెవి పక్కనే పెట్టి మోగించాడు. అయినా లోపల ఓ పురుగు తొలుస్తూనే ఉంది. మిషనే పాతదేమో. గోడమీద నీడ చూసి చెయ్యెత్తారేమో. బావమరిది నాలుగో బాక్సు దగ్గరికి నడుస్తుంటే, "దాన్ని ముట్టుకోకు. అలాగే ఉండనీ," అన్నాడు.

"టీచరమ్మ వచ్చే వేళయింది బావా."

"రానీ. ఆవిడ నీకు అక్క కాదుగా."

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. "విన్నారా?" అని అడిగింది.

"ముందు మీరు వినండి," అన్నాడు మేస్త్రి. ఆవిడ వింతగా చూసి కూర్చుంది. ఏది ఎవరు చేసిందో మేస్త్రి చెప్పలేదు. బావమరిదిని గది బయటికి పంపేశాడు, సైగలు చేయకుండా. బాక్సుల వరస కూడా తనే మార్చాడు. ఒక్కోటీ మోగుతుంటే ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆయనకి మొదటిదీ మూడోదీ నాలుగోదీ మందంగా, రెండోది ఒక్కటే బతికున్నట్టు వినిపించింది. అదే తనది, బావమరిది ముట్టుకోని బాక్సు.

టీచరమ్మ ఇంకోసారి వేయించుకుని వింది. చీరచెంగు సర్దుకుంది.

"మూడూ బాగున్నాయండీ. ఈ రెండోది మటుకు... ఏదో గీకినట్టుంది, పిల్లలు తట్టుకోలేరు. ఇది మీ కుర్రవాడు చేశాడా?"

గుమ్మం అవతల బావమరిది చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"కాదండీ," అన్నాడు మేస్త్రి, బాక్సుని తనవైపు తిప్పుకుంటూ. "అదొక్కటే నేను విన్నది."

వెనక చెక్క మీద స్క్రూలు ఊడదీయడం మొదలుపెట్టి, తలెత్తకుండానే పిలిచాడు. "లోపలికి రారా. నాలుగు పాయింట్ ఏడు ఒకటి పట్రా."