చదివేసిన వ్యాసాలు

శనివారం పొద్దున కోడలు గేటు తీసిన చప్పుడు వినగానే అత్తగారి ప్రాణం కుదుటపడింది. ఆ పిల్ల వారం వారం వస్తూనే ఉన్నా, ఈ వారం రాదేమోనన్న బెంగ శుక్రవారం సాయంత్రానికల్లా ఠంచనుగా ఆవిడను పట్టుకునేది.

కోడలు అనడం అలవాటు కొద్దీ. కొడుకూ ఆ పిల్లా విడిపోయి ఏడాది దాటింది. అరుపులూ కేకలూ లేవు, నిందలు లేవు. వాడొక వీధిలో ఇల్లు చూసుకున్నాడు, ఆ పిల్ల ఇంకో వీధిలో చూసుకుంది. మధ్యలో అత్తగారు ఎటూ కాకుండా పోయింది. అత్తాకోడళ్ళకు విడాకులిప్పించే కోర్టు ఎక్కడా లేదు కాబట్టి ఆ పిల్ల "అత్తయ్యా" అనడం మానలేదు. పైగా ఇద్దరూ కలిసి రాయాల్సిన వ్యాసం ఒకటుంది.

అత్తగారు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు అక్కడే కోడలు చెబుతోంది. ఇద్దరి చదువూ ఒకటే, మేధో మూలధనం. ఏ సంస్థకైనా భవనాలూ యంత్రాలూ కాక కంటికి ఆనని ఆస్తి ఒకటుంటుంది. పనిచేసేవాళ్ళ తలల్లో ఉన్న తెలివి, వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయాక కూడా ఆఫీసులో మిగిలే పద్ధతులు, బయటివాళ్ళతో పెంచుకున్న నమ్మకం. ఆ శాస్త్రం ఇప్పటికి ఎంతదాకా వచ్చింది, ఇకమీదట ఎటు పోవాలి అన్నది తేల్చి రాయమని ఒక పరిశోధన పత్రిక వీళ్ళిద్దరినీ అడిగింది. అడిగిననాటికి కొడుకూ కోడలూ ఒకే ఇంట్లో ఉన్నారు.

అత్తగారి కళ్ళు ఎక్కువసేపు చదవనివ్వవు. అందుకని కోడలు పైకి చదివేది, ఆవిడ పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని వినేది. నచ్చితే "ఊఁ", నచ్చకపోతే నాలుక చప్పరింపు. చదవడం అయ్యాక ఆ కాగితాల కట్ట భోజనాల బల్ల మీద మూడు దొంతరల్లో ఒకదాని మీదికి చేరేది. తలలదొకటి, పద్ధతులదొకటి, నమ్మకానిదొకటి. ఇంకా చదవాల్సినవి కిటికీ పక్కన స్టూలు మీద. బల్ల నిండిపోవడంతో ఇద్దరూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తినేవారు.

"ఇవాళ్టితో ముగించాలి అత్తయ్యా. పత్రికవాళ్ళు మళ్ళీ అడిగారు. ఏం చెప్పాలో తెలీక తల ప్రాణం తోకకొస్తోంది."

"స్టూలు మీద ఇంకా ఉన్నాయిగా. చదవకుండా రాస్తే నలుగురూ నవ్విపోతారు."

"ఈ స్టూలేంటో నాకర్థం కాదు. ఎన్ని తీసినా తరగదు!"

"కొత్తవి వస్తుంటాయమ్మాయ్. నీకోసం శాస్త్రం ఆగి కూర్చుంటుందా?"

కోడలు పైనున్న కట్ట తీసి మొదలుపెట్టింది. తెలివిని కొలవడానికి ఎవరో కనిపెట్టిన మరో కొలబద్ద. ఒకప్పుడు ఇలాంటి ఆస్తి ఉందని నమ్మించడానికే అత్తగారి తరం గొంతు అరిగిపోయింది. నమ్మాక అందరూ కొలబద్దలు పట్టుకుని బయల్దేరారు. కొలబద్దలు గుట్టలు పడ్డాయి గాని, వాటిని వాడే సంస్థలు మాత్రం అంతంతమాత్రమే.

రెండో పేజీ తిప్పి కోడలు ఆగిపోయింది. అంచున పెన్సిల్‌తో గీసిన చిన్న బొమ్మ ఉంది. ఒక దర్జీ, టేపు పెట్టి మనిషి తల కొలుస్తున్నాడు. కింద, "కాస్త వదులుగా కుట్టండి." ఆ బొమ్మ గీసింది తనే.

"ఊఁ, ఆగావేం?" అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే.

కోడలు స్టూలు మీద కట్టలన్నీ తిరగేసింది. అన్నిటి అంచునా తన గీతలే.

"ఇవన్నీ మనం ఎండాకాలంలోనే చదివేశాం అత్తయ్యా."

"అవునా? ఎక్కడో కలిసిపోయుంటాయి."

"వాటంతటవే బల్ల దిగి స్టూలెక్కాయా?"

మతిమరుపు మీదికి నెట్టేద్దామనుకుంది అత్తగారు. ఆ వయసుకు ఎవరైనా నమ్ముతారు. కానీ తన బుర్ర పాదరసమని ఈ పిల్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"నేనే పెట్టాను," అంది. "నువ్వు వెళ్ళాక ఒక్కోటీ."

"ఎందుకు?"

"వ్యాసం అయిపోతే ఇంక ఈ ఇంటికి ఏమని వస్తావ్?"

కోడలు తల వంచుకుంది. కాగితాల అంచులు సరిచేస్తూ కూర్చుంది. సరిచేసినవే మళ్ళీ సరిచేసింది.

"గడువు పెంచమని పత్రికవాళ్ళ కాళ్ళావేళ్ళా పడిందెవరనుకున్నారు?" అంది చివరికి. "మీ కళ్ళు బొత్తిగా బాగోలేదని రాశా."

"నా కళ్ళకేం రోగం!"

"మరేం చెప్పను? వ్యాసం అయిపోతే మీరు రానిస్తారో లేదోనని నాకు మాత్రం బెంగ ఉండదా?"

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచి పెట్టుకున్నా అద్దాలు మసగ్గానే ఉన్నాయి.

"కంప్యూటర్ తియ్యి," అంది. "ఆ చివరి ముక్క రాసేద్దాం."

ఆవిడ చెబుతుంటే కోడలు టైపు కొట్టుకుంటూ పోయింది. మనుషులు వెళ్ళిపోయాక ఏం మిగులుతుందన్నదే మనం ఇన్నాళ్ళూ లెక్క వేశాం. పద్ధతులు కాగితం మీదైనా మిగులుతాయి. నమ్మకం అలా కాదు. ఇద్దరి మధ్య ఉన్నది ఏ ఒక్కరి ఆస్తీ కాదు, పట్టించుకునేవాళ్ళు లేకపోతే చడీచప్పుడూ లేకుండా పోతుంది. దాన్ని ఎవరు ఎలా కాపాడుకుంటున్నారో, ఇకమీదట వచ్చేవాళ్ళు కొలబద్ద దించి, వాళ్ళ పక్కన కూర్చుని చూడాలి.

"దీనికి ఆధారంగా ఏ వ్యాసం చూపించమంటారు?"

"ఏదీ లేదు. అందుకేగా ఇకమీదట అంటున్నా."

కోడలు నవ్వింది. మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించి, పంపే బటన్ దగ్గర ఆగి అత్తగారి వైపు చూసింది. ఆవిడే లేచొచ్చి నొక్కేసింది. వ్యాసం వెళ్ళిపోయింది.

కోడలు సంచీ సర్దుకుంటూ, "పత్రికవాళ్ళు సవరణలేవో చెప్తారులెండి. అప్పుడు మళ్ళీ పనుంటుంది," అంది.

ఆ మాట అందిపుచ్చుకోవడం ఎంత తేలికో అత్తగారికి తెలుసు.

"సవరణల సంగతి తర్వాత," అంది. "నువ్వు వచ్చే శనివారం రా. పనేం లేదు."

"పనేం లేకపోతే ఏం చేద్దాం?"

"ఏమో. ఎదురుబొదురుగా కూర్చుందాం."

"అయితే కాస్త లేటుగా వస్తా. సెలవు రోజైనా నిద్రపోనివ్వండి."

"ఎంత లేటుగా?" అంది అత్తగారు వెంటనే.