టేబుల్ మీది ఊరు

మా డైనింగ్ టేబుల్ మీద ఒక ఊరు వెలిసింది. అందుకని వారం నుంచి మేం కింద కూర్చునే తింటున్నాం. అట్టతో చేసిన ఊరది. ఎనిమిది చిన్న ఇళ్ళు, మధ్యలో వాకిలి, అందరికీ కలిపి ఒక వంటిల్లు, వాన నీళ్ళు ఇంకే గుంత. తుర్కయంజాల్‌లో ఎనిమిది కుటుంబాలం కలిసి కొన్న జాగాలో ఇదే రాబోతోంది. గదులన్నీ ఫ్యాక్టరీలో తయారై లారీల మీద వస్తాయట, క్రేన్‌తో దించి బోల్టులు బిగిస్తారట. ఇసుక తక్కువ, నీళ్ళు తక్కువ. రేపు అవసరమైతే ఒక గదిని విప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చట. అందుకే ఆర్కిటెక్ట్ శ్రీకర్ అట్ట గదుల్ని అంటించలేదు. ఎవరైనా ఎత్తి చూడొచ్చు. నేను టేబుల్ తుడవాలంటే రోజూ ఊరంతా ఎత్తి మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాలి.

అలా తుడుస్తూనే ఒక పెట్టె మీద మనసు పడ్డాను. వంటింటి పక్కన చిన్న గది, వాకిట్లోకి పెద్ద కిటికీ. "ఇది అందరి పనిగది ఆంటీ. కుట్టుకోవచ్చు, చదువుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు" అన్నాడు శ్రీకర్. ఊరికే కూర్చోవడానికి కూడా గది ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆయన నరేష్‌కుమార్ చీరల షాపు ముందు బోర్డు ఉంటుంది: ఫాల్, పికో ఉచితం. ఆ ఉచితం నేనే. పెళ్ళయినప్పటి నుంచి మంచం మీద చీర పరుచుకుని కుడుతున్నాను. ఎవరైనా పడుకుంటే చీర మడవాలి, చీర పరిస్తే పడుకున్నవాళ్ళు లేవాలి. ఎవరు కుడతారని షాపులో అడిగితే "మా ఇంట్లనే అయితది" అంటాడు ఆయన. వాన పడ్డట్టు దానంతటదే అవుతుందన్నట్టు. చెడ్డవాడు కాదు. ఫ్యాక్టరీకి పోయే డ్రాయింగుల మీద ప్రతి ఇంటి నుంచీ భార్యాభర్తలు ఇద్దరూ సంతకం పెట్టాలన్న నియమం తెచ్చింది కూడా ఆయనే. ఆ రోజు ఎంత పొంగిపోయానో. రాత్రికి ఇంట్లో ఎవరూ చూడకుండా నా కుట్టుమిషన్ బాబిన్ ఒకటి, నీలం దారంతో ఉన్నది, ఆ అట్ట గది కిటికీలోంచి లోపల పడేశాను.

ఆదివారం ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మా ఇంట్లోనే చేరారు. సోమవారం డ్రాయింగులు ఫ్యాక్టరీకి పోవాలి. మగవాళ్ళు హాల్లో, ఆడవాళ్ళం వంటింట్లో. ఉల్లిపాయలు తరుగుతూ విజయదుర్గ గారు "కలిసి ఉండటం నాకూ ఇష్టమే రజితా. కానీ వంతు వచ్చిన రోజు అంతమందికి పిండి రుబ్బాలంటేనే భయం" అంది. ఆవిడది భీమవరం వైపు. భర్త భానుమూర్తి గారు కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు.

టీ పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి పనిగది ఊళ్ళో లేదు. టేబుల్ అంచున పక్కన పెట్టి ఉంది. దాని జాగాలోకి వంటింటిని జరిపారు, అది రెండింతలవుతుందట.

"గా గది తీసేసినం రజితా. కిచెన్ పెద్దగైతే మీకే ఆరాం" అన్నాడు మా ఆయన.

"అంతేగా మరి. ఆడవాళ్ళంతా కబుర్లు చెప్పుకుంటూ వండుకోవచ్చు" అంటూ భానుమూర్తి గారు టీ గ్లాసు అందుకుని, పెట్టడానికి చోటు వెతికి, ఆ అట్ట గది మీద పెట్టాడు.

నేను గ్లాసు తీసి ఆయన చేతికిచ్చాను. గది ఎత్తబోతే పక్కకి వంగి, కిటికీలోంచి బాబిన్ దొర్లి కింద పడింది. దారం విప్పుకుంటూ మా ఆయన కాళ్ళ దగ్గరికి పోయింది.

"నీదేనా? గిదెందుకేసినవ్ దీంట్ల?"

"బస్సుల దస్తీ ఏసి సీటు ఆపుతం గద. గట్ల ఆపుకున్న."

ఎవరో నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

"కుట్టుడు ఇంట్లనే అయితది గద. కిచెన్‌ల వంతులుంటయి, నీకేం పరేషాన్?"

"వంతులల్ల మీరున్నరా?"

"నేను వండితే ఊరంతా హాస్పిటల్లోనే ఉంటుందమ్మా" అన్నాడు భానుమూర్తి గారు. వెనకాల గరిటె పట్టుకుని నిలబడ్డ విజయదుర్గ గారు "నేర్చుకుంటారు లెండి. ఇన్నేళ్ళూ పిల్లలకి ఫిజిక్స్ నేర్పారుగా, ఉప్మా అంతకంటే తేలికే" అంది.

గోడ వారగా మా అత్తమ్మ యాదమ్మ కూర్చుని ఉంది. పోచంపల్లిలో మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోసీ పోసీ ఆమె కుడిభుజం ఇప్పటికీ పైకి లేవదు. "నరేషూ, మీ నాయన మగ్గం మీద కూసున్నడు, చీర ఆయన నేసిండన్నరు. ఆసు నేను పోసిన. అదేమో ఇంటిపనే అన్నరు" అంది. "ఆ పెట్టె మల్ల ఆడ పెట్టుర్రి."

పెట్టె ఇంకా నా చేతుల్లోనే ఉంది. దాన్ని అట్ట వంటింటి మీద పెట్టాను.

"గీ గది ఉంటెనే నా సంతకం. వంటకు ఆడోళ్ళు, మొగోళ్ళు ఇద్దరూ ఉంటెనే. లేకుంటె ఈ కిరాయింట్లనే ఉంట, నాకేం తక్కువ లేదు."

"నాదీ అంతే" అంది విజయదుర్గ గారు, గరిటె దించకుండానే.

వచ్చే ఆదివారం మాట్లాడుకుందామని అందరూ లేచారు. శ్రీకర్ డ్రాయింగులు చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అన్నాలవేళ అత్తమ్మ, మా ఆయన ఎప్పట్లాగే కింద కూర్చున్నారు. వాళ్ళ పక్కనే నేనూ కూర్చున్నాను. గిన్నెలు వంటింట్లో ఉన్నాయి. ఆయన నా వైపు చూశాడు. అత్తమ్మ కంచం తుడుచుకుంటోంది. ఫ్యాను తిరుగుతోంది. లేవాలని నా మోకాళ్ళు తొందరపడ్డాయి, ఇన్నేళ్ళ అలవాటు కదా. వాటిని చేతులతో అదిమి పట్టుకున్నాను. చాలాసేపటికి ఆయనే లేచి వెళ్ళాడు. మసిగుడ్డ ఎక్కడుంటుందో తెలియక, జేబులోని దస్తీతో పట్టుకుని అన్నం గిన్నె తెచ్చి మా మధ్య పెట్టాడు. వేళ్ళు కాలినట్టున్నాయి, ఊదుకున్నాడు. తర్వాత టేబుల్ దగ్గరికి వెళ్ళి, నేను అట్ట వంటింటి మీద ఉంచిన ఆ గదిని తీసి, వంటింటిని వెనక్కి జరిపి, దాని జాగాలో దాన్ని పెట్టాడు. కిటికీ వాకిలి వైపు ఉందో లేదో వంగి చూసుకున్నాడు.

నేను కడుపునిండా తిన్నాను. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. ఆయన వండిన రోజు పెడతాను.