వనజ పనులు

చెల్లెలు వనజాక్షి దినాలు ముగిసిన మర్నాడే స్వర్ణ ఆమె పనులన్నీ నెత్తికెత్తుకుంది. ఎవరూ అడగలేదు. బడిలో మధ్యాహ్నం భోజనం వండేది వనజే. పిల్లలు పస్తుండకూడదని స్వర్ణ వెళ్లి పొయ్యి వెలిగించింది. వనజ కుట్టి ఇస్తానని ఒప్పుకున్న జాకెట్టు గుడ్డలు ఆమె ఇంట్లో మూటగా ఉన్నాయి. చెల్లెలి మాట పోకూడదని అక్కడే ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. వనజ మేకలు అరుస్తుంటే తోలుకొచ్చి తన దొడ్లో కట్టేసింది.

వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డునే ఉంటుంది వాళ్ల ఊరు. స్వర్ణ మొగుడు పోలేరయ్య వేటకు పోయి తెచ్చిన చేపల్లో అమ్ముడుపోనివి ఉప్పు పట్టించి, ఎండబెట్టి, కోట బజారుకు తీసుకెళ్లి అమ్మడం పెళ్లయినప్పటి నుంచీ ఆమె పని. దాని మీద ఇప్పుడు ఇవన్నీ వచ్చి పడ్డాయి. వనజను వానాకాలంలో డెంగీ జ్వరం ఎత్తుకుపోయింది. ఆమె మొగుడు ప్రసాద్ ఆ ఇంట్లో ఉండలేక చెన్నై బోట్ల మీద పనికి వెళ్లిపోయాడు. మిగిలింది అతని తల్లి మాలకొండమ్మ ఒక్కతే. ఆమెకు వేళకు అన్నం పెట్టి, బీపీ మాత్ర చేతిలో వేసేది కూడా స్వర్ణే.

"అక్కంటే అట్టుండాల" అని ఊళ్లో ఆడవాళ్లు మెచ్చుకున్నారు. చెల్లెలు పోయినప్పుడు స్వర్ణ ఏడవలేదని కొందరు గమనించారు గానీ పైకి అనలేదు. ఏడవడానికి ఆమెకు తీరికేదీ?

ఎండలు ముదిరేసరికి స్వర్ణకు తలలో అంతా కలగాపులగమైపోయింది. బడిలో పప్పుకు రెండుసార్లు ఉప్పు వేసింది. కోటకు ఆటో ఎక్కి, దిగబోయేటప్పుడు చూసుకుంటే చేపల గంప ఇంట్లోనే ఉండిపోయింది. పోలేరయ్య ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే అతని పెదాలు కదలడం కనిపించేది, మాట చెవికెక్కేది కాదు. పడుకుంటే కళ్లు మూతపడేవి, లోపల కుట్టుమిషను మాత్రం తిరుగుతూనే ఉండేది.

"కొన్నయినా వదిలెయ్‌మే. నువ్వు మనిషివా, మిషనువా?" అన్నాడు పోలేరయ్య ఓ పొద్దున.

"ఏది వదిలేది? అన్నీ దానియ్యే గదా" అంది స్వర్ణ, మేకలకు ఆకు వేస్తూ.

ఆ వారంలోనే సాయిలక్ష్మి జాకెట్టు కోసం వనజ ఇంటికి వచ్చింది. ఆమెది భారీ మనిషి. తమ్ముడి పెళ్లికి కట్టుకోవడానికి కొన్న పట్టుచీర, దాని మీదికి జాకెట్టు. స్వర్ణ ఎంతో ముచ్చటగా కుట్టి, అంచు తిప్పి, ఇస్త్రీ కూడా చేసి ఉంచింది. లోపలికి వెళ్లి తొడుక్కోబోయిన సాయిలక్ష్మి అంతలోనే బయటికొచ్చింది.

"ఏందక్కా ఇది? నా జబ్బకే ఎక్కడం లా. ఆది జాకెట్టు ఇచ్చినా గదా, చూసుకోలా?"

స్వర్ణ రెండు జాకెట్లూ మంచం మీద పరిచింది. ఒకదాని పక్కన ఒకటి చూస్తుంటే ఆమెకేమీ అర్థం కాలేదు. ఆది పక్కనే పెట్టుకుని కత్తిరించినట్టు గుర్తు. మాలకొండమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, పట్టు జాకెట్టు చేతిలోకి తీసుకుంది. నడుం దగ్గర జానతో కొలిచింది. మెడ వెనక భాగం వేళ్లతో తడిమింది.

"ఇది మా వనజ కొలత. మెడ ఇంత పైకి అదొక్కటే కుట్టుకునేది. చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ కనబడకూడదని" అంది.

తగువు పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న సాయిలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంకో గుడ్డ కొనిస్తా సాయీ" అంది స్వర్ణ.

"వద్దులే అక్కా. నా దగ్గర వేరేది ఉండాది." తన ఆది జాకెట్టు మాత్రం తీసుకుని వెళ్లిపోయింది.

మాలకొండమ్మ మంచం మీద కూర్చుంది.

"అమ్మే, నా కోడలు పోయింది. నువ్వు దాన్ని పోనియ్యడం లా."

"నేను ఆపేస్తే, అది చేసిన పనంటూ ఈ ఊళ్లో ఏమీ మిగల్దత్తా."

"మిగల్దు" అంది ముసలామె. "నాకు మాత్రం ఏం మిగిలింది? అయినా బతకతా ఉండా గదా."

స్వర్ణ ఆ పట్టు జాకెట్టు మడిచి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

మర్నాటి నుంచి వనజ పనులు ఒక్కొక్కటీ వదులుకుంది. బడి వంట ఆ ఊరి రెబెక్కమ్మకు అప్పగించింది. తాళంచెవి ఇస్తూ, ఏ పొయ్యికి గాలి ఎక్కువ తగులుతుందో చెప్పబోయి ఆగిపోయింది. అది వనజ తనకు చెప్పిన సంగతి. రెబెక్కమ్మే తెలుసుకుంటుందిలే అనుకుంది. మేకలను మేపుకుంటానని ఊళ్లోని హజరత్తయ్య తోలుకుపోయాడు. అన్నిటికంటే కష్టమైంది మిషను. దాన్ని తీసుకెళ్లడానికి పక్క ఊరామె ట్రాలీ ఆటో తెచ్చింది. మిషను ఎక్కిస్తుంటే కుదుపుకు చక్రం దానంతటది ఒక చుట్టు తిరిగి ఆగింది. స్వర్ణ చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఇసుక మీద చేపలు తిరగేయడం అయిపోయాక ఆమెకు చేయడానికి ఏమీ లేకపోయింది. ఎండ ఇంకా దిగలేదు. ఒడ్డుకు లాగిన పడవ నీడన కూలబడింది. చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆపుకోలేని కేకగా బయటికొచ్చింది. "వనజా, ఓ వనజా" అని ఇసుక పిడికిళ్లతో తీసి ఒళ్లో పోసుకుంటూ ఏడ్చింది. చుట్టుపక్కల చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు పనులాపి నిలబడ్డారు. ఊరుకోమని ఎవరూ అనలేదు. వల బాగుచేసుకుంటున్న పోలేరయ్య లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. మాలకొండమ్మ కాళ్లీడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ పొద్దుగూకే దాకా అక్కడే ఉన్నారు.

ఆ తర్వాత స్వర్ణకు నిద్ర పట్టింది. తల తేలికపడింది. గుండె బరువు మాత్రం ఇప్పుడే తెలిసొస్తోంది. మధ్యాహ్నాలు మరీ పొడుగయ్యాయి. ఒక్కోసారి చెయ్యి దానంతటదే పని వెతుక్కునేది. అప్పుడు ఆమె వెళ్లి మాలకొండమ్మ పక్కన కూర్చునేది. వనజ గురించి మాట్లాడుకునేవారు, లేదంటే సముద్రం వైపు చూస్తూ ఉండిపోయేవారు.