పోస్టుకు నోచుకోని ఫారం

నేను ఒక పన్ను ఫారాన్ని. ఆ ముక్క వినగానే పుట తిప్పేయకండి, నా కథలో రాహువు కూడా ఉన్నాడు. ఒక రాష్ట్రంలో ఉంటూ ఇంకో రాష్ట్రంలో సంపాదించినవాళ్లు, ఆ రెండో రాష్ట్రానికి పంపుకునే లెక్కను నేను. నాన్ రెసిడెంట్ రిటర్న్ అంటారు. పరాయివాడినని చిన్నచూపు చూడకండి. నా లెక్క తేలితేగాని సొంత రాష్ట్రం ఫారం కదలదు. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు కావాలంటే ముందు నన్ను అడగాల్సిందే.

న్యూజెర్సీలో ఒక ఇంటి ప్రింటరులోంచి వెచ్చవెచ్చగా పుట్టాను. నన్ను చేతిలోకి తీసుకున్నది సుహాసిని. తెనాలి అమ్మాయి, మందుల షాపులో పని. నిరుడు మే నెల దాకా నది దాటి న్యూయార్కులో పనిచేసి, జూన్ నుంచి ఇంటి పక్క షాపుకు మారింది. అక్కడ జీతంలో పట్టుకున్న పన్ను కొంత తిరిగొస్తే ఫార్మసిస్టు లైసెన్సు పరీక్షకు ఫీజు కడదామని ఆమె ఆశ. రెండేళ్లుగా ఏదో ఒక ఖర్చు ఆ ఫీజును మింగేస్తూనే ఉంది. ఇంత పెద్ద పని నా చేతిలో పెట్టిందని నాకు ఒకటే సంబరం.

మనవాళ్లకు ఒక అలవాటుంది. ఫారం వెంట వచ్చే సూచనలు చదవరు, నింపిన ఫారం ఎవరి దగ్గరుందా అని వెతుకుతారు. కింది ఫ్లాటు శేషుబాబు తన ఫారాన్ని ఫొటో తీసి పంపాడు. "ఇది చూసి దించేయమ్మా, అంకెలు మాత్రం నీవి వేసుకో" అన్నాడు.

జీతం రాయడానికి నాలో పక్కపక్కనే రెండు గడులుంటాయి. మొదటిది ఏడాది మొత్తం జీతానికి, రెండోది న్యూయార్కులో సంపాదించినదానికి. శేషుబాబు ఏడాది పొడుగునా అక్కడే పనిచేశాడు గనుక ఆయనకు రెండింట్లోనూ ఒకటే అంకె. సుహాసిని కూడా రెండింట్లోనూ ఏడాది జీతమే దించేసింది. నాకేమో నోరు లేదాయె. చివరి గీత దగ్గరికొచ్చేసరికి, తిరిగి రావడం మాట దేవుడెరుగు, తొమ్మిది వందల డాలర్లు ఎదురు కట్టాలని తేలింది. ఆమె మొహం వాడిపోయింది. "పోనీలే, పరీక్ష వచ్చే ఏడు చూసుకుందాం" అని గొణుక్కుంటూ చెక్కు రాసి నాకు తగిలించింది.

గడువుకు ఆఖరి రోజు, మంగళవారం, మధ్యాహ్నం మూడు. బయల్దేరబోతుంటే అన్నయ్య ఫణీంద్ర గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నాలుగున్నర దాకా రాహుకాలమే. పోస్టాఫీసు ఐదున్నర దాకా ఉంటుందిగా, కాసేపు కూర్చో."

ఊరికే కూర్చోలేక ఆమె నన్ను మళ్లీ తిరగేసింది. వేలు రెండో గడి మీద ఆగింది.

"అన్నయ్యా, జూన్ నుంచి నేను అసలు నది దాటలేదు కదా?"

ఆహా, నా నాలుగు పేజీలూ పులకరించిపోయాయి! ప్రింటరు మూలిగి నాకో తమ్ముణ్ణి కన్నది. వాడి రెండో గడిలో ఐదు నెలల జీతమే పడింది. చివరి గీత దగ్గర, కట్టాల్సింది ఏమీ లేదు, ఏడు వందల నలభై తిరిగి రావాలి. చెక్కు ముక్కలైంది. నాలుగున్నర కాగానే అన్నాచెల్లెళ్లు తమ్ముణ్ణి తీసుకుని ఒకటే పరుగు. నేను బల్ల మీద ఉండిపోయాను.

సాయంత్రం శేషుబాబు వచ్చి సంగతి విని పడీపడీ నవ్వాడు. "అది హైదరాబాదు క్యాలెండరు కదయ్యా. ఇక్కడి పొద్దుకు లెక్కగడితే మీరు పోస్టు చేసిందే అసలు రాహుకాలంలో."

ఫణీంద్ర మొహంలో నెత్తురుచుక్క లేదు. సుహాసిని మాత్రం ఎర్ర పెన్ను తీసి నా నెత్తిన 'ఇలా నింపకండి' అని రాసి, ఫొటో తీసి అందరికీ పంపి, నన్ను ఫ్రిజ్ తలుపుకు అంటించింది. పోస్టుకు నోచుకోకపోతేనేం, వారంలో ముగ్గురు నన్ను చూసి, సవరణ ఫారం పంపి తమ లెక్క సరిచేసుకున్నారు.

జూన్‌లో డబ్బు వచ్చింది. ఆ రోజే ఫీజు కట్టేసింది. పరీక్ష హాల్‌టికెట్టు రాగానే దాన్ని తెచ్చి, నన్ను పట్టుకున్న అయస్కాంతం కిందనే దోపింది. ఇప్పుడు నా రెండో గడి ఎవరికీ కనబడదు. దాన్ని కప్పేసిన హాల్‌టికెట్టు మీద సుహాసిని పేరు, పరీక్ష తేదీ ఉన్నాయి.